కే పక్కన చుక్క

పాస్‌పోర్టు ఆఫీసులో ఆ పిల్ల అడిగింది:
కే అంటే ఏంటి సార్, పూర్తిగా చెప్పాలి.

యాభై ఆరేళ్లుగా నేను కే. దాలయ్యని.
బళ్లో, హార్బర్ గేటు పాసులో, రేషన్ కార్డులో,
పెళ్లి పత్రికలో కూడా
కే, పక్కన ఓ చుక్క.
చుక్క వెనకాల ఇంటిపేరు ఉందని అందరం నమ్మాం.
తలుపు తీసి చూసినవాళ్లు లేరు.

నాన్నకీ తెలీదు.
"మీ తాత రాయించాడు, నేను మోసుకొచ్చాను" అనేవాడు,
గోదాం బస్తా గురించి చెప్పినట్టు.
తాత అప్పలసూరి
నలభై రెండులో బాంబులు పడుతుంటే
మౌల్మీన్ నించి కొండలూ అడవులూ పట్టి నడిచాడు.
రాయపురం దాకా వచ్చి ఆగిపోయాడు.
శ్రీకాకుళం రైలు ఎందుకు ఎక్కలేదో
ఎవరికీ చెప్పలేదు.

మేనకోడలు శశిరేఖ తరమణిలో పనిచేస్తుంది.
"ఉమ్మితే చాలు మామయ్యా, మీ వాళ్లెవరో తేలిపోతుంది."
వాకిట్లో ఉమ్మితే నాయనమ్మ చీపురు తిరగేసేది.
ఇప్పుడు గొట్టంలో గీత దాకా ఉమ్మాలట,
వంశం కోసం.
అరగంట ముందునించీ మంచినీళ్లు కూడా తాగొద్దన్నారు.
నోరెండిపోయింది.
పచ్చి చింతకాయని తల్చుకున్నాను. గీత దాటింది.

ఆరు వారాలకి ఫోన్లో పటం వచ్చింది.
దక్షిణాన పచ్చరంగు, అంతా పచ్చే.
ఇంటిపేరు అన్న గడి ఎక్కడా లేదు.
రక్తానికి చదువు రాదు కాబోలు.
అట్టడుగున, చుట్టాల జాబితాలో ఒకడు:
సింగపూర్ ఓడల యార్డులో ఎలక్ట్రీషియన్.
నూటికి మూడు పాళ్లు నావాడు.
పేరు కో తిహా.

మూడు పాళ్లంటే
మా పాలవాడు కలిపే నీళ్లకన్నా తక్కువ.
కానీ ఫొటోలో ఆ చెవులు!
హెల్మెట్ కింద మడతపడి బయటికొచ్చిన
మా నాన్న చెవులు.

ఆశ పుట్టి అడిగించాను: కో నీ ఇంటిపేరా?
కాదన్నాడు. మాకు ఇంటిపేర్లుండవు.
కో అంటే అన్న లాంటిది.
పెళ్లాం మొగుణ్ణి పిలిచినా అదే.

వాళ్ల అమ్మమ్మకి రెండేళ్లప్పుడు
తండ్రి మళ్లీ వస్తానని వెళ్లాడట,
ఒక చెంబు వదిలేసి.
మర్నాడు దాని ఫొటో పంపాడు.
ఇత్తడిది, మూతి సొట్ట.
మెడ కింద నగిషీ అనుకున్నారట ఎనభై ఏళ్లుగా.
నగిషీ కాదు, తెలుగు:
కో అప్పలసూరి.

శశిరేఖ గంతేసింది.
"కోరాడో, కోటో, కోనో! సగం దొరికింది మామయ్యా!"
నేను కళ్లద్దాలు తుడుచుకుని
ఫొటోని వేళ్లతో సాగదీశాను.
ఉలితో పొడిచిన అక్షరాలు. అన్నీ చుక్కలే.
కో పక్కనున్నది
అక్షరంలో ఆఖరి చుక్కా,
ఇంటిపేరుని మింగిన చుక్కా?

ఊరినించి తెచ్చుకున్న చెంబైతే అది ఇంటిపేరే.
మౌల్మీన్ బజార్లో ఆవిడ
పక్కన నిలబడి పొడిపించిందైతే
అది పిలుపు.
హార్బర్ గుమాస్తా పేరు చెప్పమన్నప్పుడు
అంత దూరం నడిచొచ్చిన మనిషి
చివరిసారి తనని ఎలా పిలిచారో
అలాగే చెప్పి ఉంటే?
గుమాస్తాకి ఏం తెలుసు, కే కొట్టి చుక్క పెట్టుంటాడు.

ప్రతి ఒకటో తారీఖూ తాత
బీచ్ స్టేషన్ ఎదుట బర్మా వాళ్ల అత్తో బండి దగ్గర తిని
పొద్దుపోయి ఇంటికొచ్చేవాడట.
ఆ రాత్రి నాయనమ్మ
గిన్నెలు కాస్త గట్టిగా సర్దేదట.
సవతి పిలుపుని
ఇంటిపేరుగా మోసిందా మా నాయనమ్మ?
రేషన్ షాపు వరసలో, ఆసుపత్రి చీటీ మీద,
సంతకం రాక వేసిన వేలిముద్ర పక్కన?

శ్రీలంక ఓడకి ఇంకా నెల ఉంది.
హార్బర్ స్నేహితులు నా టిక్కెట్టు డబ్బు కట్టేశారు.
మళ్లీ వెళ్లాను.
కో, అన్నాను.
అంతేనా సార్?
అంతే అమ్మా.
ఆ పిల్ల కీబోర్డు మీద వేలు ఆపింది.
చుక్క పెట్టాలా, వద్దా?
వెనక వరసలో ఎవరో దగ్గారు.